వెనక రా, వెనక్కి రా

ముప్పై ఏనుగుల్ని ఒక్క అక్షరంతో పోగొట్టుకున్నాం, నేనూ మా అన్నా. ఆ సంగతి మీకు చెప్పాలి. నిజం ఏనుగులు కావు, కంప్యూటర్ ఆటలోవి. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అన్నకీ పట్టలేదట. అన్న డర్బన్‌లో ఉంటాడు. నేను మిషిగన్‌లో నోవై అనే ఊళ్ళో ఉంటాను. ఇద్దరికీ యాభై దాటి చాలా కాలమైంది.

మీలో చాలామంది నాలాగే తెలుగును గుడి బళ్ళో నేర్చుకుని ఉంటారు. శనివారం మధ్యాహ్నం, చాప మీద, పలక పట్టుకుని. ఆ తెలుగుతో మనం దేవుడికి దణ్ణం పెట్టగలం. పెద్దవాళ్ళని పలకరించగలం. పండక్కి రెండు పాటలు పాడగలం. ఇంట్లో అమ్మ దగ్గర విన్న మాటలు కలిపితే వంట కూడా చెయ్యగలం. అంతకు మించి ఏం చెయ్యగలమో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. యుద్ధం చెయ్యాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

మేం ఆడే ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఇది 1999లో వచ్చింది. 2019లో కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చింది. మధ్యయుగాల నాటి రాజ్యాల ఆట. మొదట మీ దగ్గర ఒక ఊరు, ముగ్గురు పల్లెజనం, గుర్రం మీద ఒక వేగులవాడు, అంతే. పల్లెజనం గొర్రెల్ని కోస్తారు, చెట్లు కొడతారు, బంగారం తవ్వుతారు, రాయి తవ్వుతారు, పొలం దున్నుతారు. ఆ తిండితో, ఆ కర్రతో, ఆ బంగారంతో మీరు సైన్యాన్ని తయారుచేస్తారు. మామూలుగా ఆడితే మొత్తం జనాభా 200 దాటకూడదు. ఆ 200లో ఎందరు దున్నాలి, ఎందరు యుద్ధం చెయ్యాలి అన్నది మీ ఇష్టం. అక్కడే ఆట మొదలవుతుంది.

నాకు దీన్ని నేర్పింది మేనల్లుడు. మా అన్న కొడుకు. వాడికి తెలుగులో వచ్చిన మాట ఒక్కటే: "అత్తా". మిగతాదంతా ఇంగ్లీషు. మా అమ్మ పోయిన ఏడాది వాడు నాకూ, వాళ్ళ నాన్నకీ ఆట పెట్టి ఇచ్చాడు. ఆదివారం నోవైలో మధ్యాహ్నం ఒంటిగంట అయితే డర్బన్‌లో రాత్రి ఏడు. మా ఊళ్ళో చలికాలంలో గడియారాలు మారితే అక్కడ ఎనిమిది. వాడూ, వాడి స్నేహితుడూ ఒక పక్షం. నేనూ అన్నా ఒక పక్షం. ఆడుతున్నంతసేపూ నేనూ అన్నా ఫోన్‌లో మాట్లాడుకుంటాం.

ఫోన్‌లో తెలుగే మాట్లాడాలని మొదట అన్నది అన్నే. కారణం పెద్దదేం కాదు. కొడుకు పక్కగదిలో కూర్చుని ఆడతాడు, గోడ పలచన, ఇంగ్లీషులో మాట్లాడితే మా ఎత్తులన్నీ వాడికి వినబడతాయి. రెండో కారణం ఇద్దరం పైకి చెప్పుకోలేదు. అమ్మ పోయాక మాకు తెలుగులో మాట్లాడడానికి ఎవరూ లేరు.

మొదటి ఆదివారమే ఇబ్బంది తెలిసింది. "రిట్రీట్" అనడానికి మాకు మాట లేదు. "ఫ్లాంక్" అనడానికి లేదు. "రిజర్వ్" అనడానికి లేదు. మా దగ్గర ఉన్నది అమ్మ వంటింటి తెలుగు. దాంతోనే మొదలుపెట్టాం. నవ్వకండి. గుర్రాల్ని వెనక దాచి ఉంచమని చెప్పాలంటే "నానబెట్టు" అన్నాం. శత్రువు మీద పడమంటే "వడ్డించు". కొండ మీదున్న వాళ్ళని కిందకి తీసుకురావాలంటే "దించు". అన్ని పక్కలా మూసెయ్యమంటే "మూత పెట్టు". చివర్లో ఒక్కసారిగా గుర్రాలు వచ్చి పడాలంటే "పోపు వెయ్యి". నోవై గుడిలో పరిచయమైన రాజమండ్రి ఆవిడ ఒకరు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. నేను ఫోన్‌లో "అన్నా, నానింది చాలు, పోపు వెయ్యి, వెంటనే వడ్డించు!" అని అరుస్తున్నాను. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసి వచ్చారు.

ఆవిడే మాకు అసలు మాటలు కొన్ని ఇచ్చారు. మీరూ రాసుకోండి, బాగుంటాయి. సైన్యాన్ని వరసగా నిలబెట్టడం మోహరించడం. కోటని చుట్టుముట్టి కూర్చోవడం ముట్టడి. కోట చుట్టూ తవ్వే గొయ్యి కందకం. గోడ మీద గుండ్రంగా ఉండేది బురుజు. ఏనుగుని నడిపేవాడు మావటివాడు. గుర్రం మీదవాడు రౌతు. కాలినడకన పోరాడేవాడు బంటు. సైన్యం మొత్తం దండు. పాతకాలంలో సైన్యానికి నాలుగు భాగాలు అనేవారు: రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం. నాలుగూ కలిపితే చతురంగ బలం. మనం చదరంగం అనే మాట అక్కణ్ణించే వచ్చింది.

ఇప్పుడు సైన్యం కూర్పు గురించి. ఈ ఆటలో అన్నిటికన్నా గొప్ప సిపాయి అంటూ ఎవరూ లేరు. బల్లెంవాడు గుర్రాన్ని గెలుస్తాడు. గుర్రం విలుకాణ్ణి గెలుస్తుంది. విలుకాడు దూరం నుంచే బల్లెంవాణ్ణి గెలుస్తాడు. చిన్న ఈటెలు విసిరేవాడు ఒకడుంటాడు, వాడు విలుకాణ్ణి గెలుస్తాడు కానీ గుర్రం ముందు నిలబడలేడు. అందుకని ముందు ఎదుటివాడు ఏం చేస్తున్నాడో చూసి రావాలి. మొదట ఇచ్చిన వేగులవాడు అందుకే. ఆ తర్వాత మీ గాదెలో ఏముందో చూసుకోవాలి. నేను బడిలో లెక్కలు చెప్తాను కాబట్టి నాకు ఇది బాగా నచ్చింది. నైట్ అనే రౌతుకి 60 తిండి, 75 బంగారం. బల్లెంవాడికి 35 తిండి, 25 కర్ర. బంగారం అక్కర్లేదు. ఆట సాగేకొద్దీ గనుల్లో బంగారం అయిపోతుంది, చెట్లు మిగులుతాయి. అప్పుడు గెలిచేది కర్రతో సైన్యం చేసుకోగలిగినవాడు.

మేం ఆడే రాజ్యం పేరు ద్రవిడులు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని కొత్త భాగం వచ్చింది. అందులో బెంగాలీలు, గుర్జరులతో పాటు ద్రవిడులు వచ్చారు. మనకి దగ్గర్లో ఉన్నది వీళ్ళే. వీళ్ళకి నైట్లు లేరు. ఒంటెలూ లేవు. లాయంలో దొరికేవి తేలిక గుర్రాలు, యుద్ధపు ఏనుగులు. కాల్బలం బాగుంటుంది. కాల్బలానికి నేర్పే విద్యలకి సగం ఖర్చే. ఈటెలవాళ్ళు మామూలుకన్నా చురుగ్గా విసురుతారు. అంటే మంచి గుర్రాలు లేని రాజ్యం. గుర్రాలున్న వాళ్ళతో ఎలా పోరాడాలన్నదే దీని చిక్కు.

ఇంకో చిక్కు ఉంది. మీ జనం మీద నొక్కితే వాళ్ళు పలుకుతారు. ద్రవిడులు తమిళంలో పలుకుతారు. మొదటిరోజు అది విని అన్న చాలాసేపు ఏం అనలేదు. మా చిన్నప్పుడు డర్బన్‌లో మమ్మల్ని మద్రాసీలనేవారు, లేకపోతే తమిళులనేవారు. మేం తెలుగువాళ్ళం అని చెప్తే అదేమిటని అడిగేవారు. మా పెద్దవాళ్ళు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది తెలుగు తెలుగుగా మిగలాలనే. ఇన్నేళ్ళ తర్వాత ఆటలో కూడా అదే గుంపులో కలిసిపోయాం. అయితే కోటలో నేర్చుకునే ఒక విద్య ఉంది, పేరు ఉట్జ్ స్టీల్. అది నేర్చుకుంటే మన కాల్బలం కొట్టే దెబ్బకి ఎదుటివాడి కవచం అడ్డురాదు. ఆ ఉట్జ్ అనే మాట మన ఉక్కు నుంచే వచ్చిందంటారు. ఉక్కు కన్నడంలోనూ ఉంది, అందుకని మనదొక్కరిదే అనలేం. కానీ నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు కరిగించేవారు, పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కునేవారు. ఇది చెప్పాక అన్నకి ఆట మీద కోపం కొంచెం తగ్గింది.

కానీ అన్నకి కాల్బలం వద్దు. ఏనుగులే కావాలి. ప్రతి ఆటలోనూ ఏనుగులే. ఒక ఏనుగుకయ్యే ఖర్చుతో ఇంచుమించు ముగ్గురు బల్లెంవాళ్ళు వస్తారు. ఏనుగు నెమ్మదిగా నడుస్తుంది. పైగా ఎదుటివాళ్ళ సన్యాసులు దూరంగా నిలబడి మంత్రం చదివితే మన ఏనుగు వాళ్ళదైపోతుంది. ఇవన్నీ చెప్పాను. "ఏనుగు ఏనుగే, చెల్లీ" అంటాడు.

దీనికి వెనక ఒక కథ ఉంది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పేదేమిటంటే, మా ముత్తాత ముత్తాతలు బొబ్బిలి కోటలో సిపాయిలని. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడు. కోట చిన్నది. లోపలివాళ్ళు లొంగలేదు. కోట తగలబడిపోయింది. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజుని ఆయన గుడారంలోనే చంపాడు. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమా మా ఇంట్లో వీడియో టేపులో అరిగిపోయేదాకా చూశాం. కథలో అందరికన్నా గొప్ప వీరుడు పాపారాయుడు ఆరోజు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. కబురు అందేసరికి ఆలస్యమైపోయింది. చిన్నప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ కబురే. అన్నకి మాత్రం కత్తి పట్టుకున్న ముత్తాత కనబడేవాడు.

నాలుగేళ్ళ కిందట నేను ఓడ జాబితాలో మా ముత్తాత పేరు వెతికించాను. మీకు తెలుసుగా, 1860 నుంచి 1911 దాకా నటాల్‌కి వచ్చిన ఒప్పందం కూలీలందరి వివరాలూ రాశారు. మొత్తం లక్షా యాభై రెండు వేల మంది. ప్రతివాళ్ళకీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. మా ముత్తాత దొరికాడు. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు సగం చెరిగిపోయింది, మిగిలిన సగం బొబ్బిలి కాదు. కులం గడిలో రాసింది సిపాయిల కులం కాదు. ఎడమ మోకాలి మీద మచ్చ.

నేను సంతోషంగా ఆ కాగితం అన్నకి పంపాను. అన్న ఫోన్ చేసి, "ఆ గుమాస్తాకి తెలుగు రాదు, ఏదో రాసేశాడు" అన్నాడు. అది నిజమే కావచ్చు. ఆ గుమాస్తాలు విన్నది విన్నట్టు రాసినవాళ్ళు కారు. కానీ నేను ఊరుకోలేదు. "నీకు కూలీ ముత్తాత సరిపోడా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. అమ్మ జబ్బు పడ్డాక మాట్లాడుకున్నాం, అవసరమైనంతే. ఆ కాగితం ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఏనుగుల గురించి వాదించినప్పుడల్లా మేం నిజంగా దేని గురించి వాదిస్తున్నామో ఇద్దరికీ తెలుసు.

అందుకని నేను వేరే దారి పట్టాను. రాయచూరు యుద్ధం గురించి చదివాను. 1520 మే నెల. ఒక పక్క విజయనగరం కృష్ణదేవరాయలు, ఇంకో పక్క బీజాపూరు సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్‌షా. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ యుద్ధం గురించి వివరంగా రాశాడు. 1900లో రాబర్ట్ సీవెల్ ఆ రాతని ఇంగ్లీషులో అచ్చువేయించాడు. అది ఆటలాగే ఉంటుంది. రాయల దండులో 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు అని లెక్క చెప్పాడు నూనిజ్. అంత మంది ఉండరు, పెంచి రాశాడని చరిత్రకారులు అంటారు. అంకెలు పక్కన పెట్టి కూర్పు చూడండి. ఒక్కో ఏనుగుకి వెయ్యిమందికి పైగా బంట్లు. విజయనగరానికి కూడా మంచి గుర్రాలు సముద్రం దాటి రావాల్సిందే, అరేబియా నుంచి, పర్షియా నుంచి. అందుకే వాటి ధర అంత. మా ద్రవిడుల లాయంలో నైట్లు లేకపోవడం వట్టి కల్పన కాదని అప్పుడు అర్థమైంది.

ఏనుగుల దంతాలకి పెద్ద కత్తులు కట్టారట. వీపు మీద అంబారీల్లో మనుషులు. ఇది చదివి వినిపిస్తే అన్న మురిసిపోయాడు. "చూశావా?" అన్నాడు. "ఆగు, ఇంకా ఉంది" అన్నాను.

యుద్ధం ఎలా జరిగిందంటే, ఆదిల్‌షా బలం ఫిరంగులు. రాయల ముందువరస దగ్గరికి రాగానే ఫిరంగులన్నీ ఒక్కసారి పేల్చాడు. చాలామంది పోయారు. ముందువరస విరిగి వెనక్కి పరుగెత్తింది. ఆదిల్‌షా మనుషులు తరుముతూ బయటికొచ్చారు. రాయలు తన వేలి ఉంగరం తీసి ఒక సేవకుడికిచ్చి, తాను చనిపోతే రాణులకి చూపించమన్నాడని నూనిజ్ రాశాడు. తర్వాత రెండోవరసతో కదిలాడు. పేలిన ఫిరంగులు మళ్ళీ నింపడానికి సమయం పడుతుంది. తరమడానికి వచ్చినవాళ్ళు వరస తప్పి ఉన్నారు. ఆ దెబ్బకి వాళ్ళు కృష్ణానది దాకా వెనక్కి పోయారు, చాలామంది నదిలో మునిగిపోయారు. రాయలకి 400 పెద్ద ఫిరంగులు దొరికాయని రాశాడు. అంటే గెలిపించింది నానబెట్టిన రెండోవరస. అమ్మ భాషలో చెప్తే అంతే.

తర్వాత రాయచూరు కోట ముట్టడి. అక్కడ ఏనుగులతో పని జరగలేదు. బంట్లు గునపాలతో గోడ రాళ్ళు పెరికారు. పెరికిన రాయి సైజునిబట్టి డబ్బులిచ్చారు. ఫిగెరెదు అనే పోర్చుగీసువాడు ఇరవైమంది తుపాకీవాళ్ళతో వచ్చి, గోడ మీద తల ఎత్తినవాళ్ళని కాల్చాడు. పైవాళ్ళు తల దించుకుంటే కిందవాళ్ళు రాళ్ళు పెరికారు. రెండు రకాల మనుషులు ఒకరికొకరు ఆసరా అయితే జరిగే పని అది. ఆటలో ఈటెలవాళ్ళనీ, బల్లెంవాళ్ళనీ కలిపి పంపడం అలాంటిదే.

నేను అన్నకి ముఖ్యంగా చదివి వినిపించాలనుకున్నది వేరే వాక్యం. దండు నడిచేటప్పుడు తోలుసంచుల్లో నీళ్ళు మోసేవాళ్ళు 12,000 మంది ఉన్నారట. వాళ్ళని దారి పొడుగునా నిలబెట్టారు, ఎవరూ దాహంతో చచ్చిపోకూడదని. వీళ్ళు యుద్ధం చెయ్యలేదు. చతురంగ బలంలో వీళ్ళకి చోటు లేదు. వీళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. ఆ మాటకొస్తే ఏడు లక్షల బంట్ల పేర్లూ రాయలేదు. మన ముత్తాతల పేర్లు రాశారు. తండ్రి పేరూ, మోకాలి మీద మచ్చా కూడా రాశారు. దయతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయినా రాశారు.

అది చదివాక ఫోన్‌లో చాలాసేపు ఏం వినబడలేదు. "సరే, ఆట మొదలుపెడదాం" అన్నాడు అన్న.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. మేనల్లుడు ఫ్రాంకులు తీసుకున్నాడు. వాళ్ళ రౌతులు మామూలు రౌతులకన్నా గట్టివాళ్ళు. వాడి స్నేహితుడు బ్రిటన్లు. వాళ్ళ విలుకాళ్ళ బాణం చాలా దూరం పోతుంది. గుర్రాలు ఒక పక్క, బాణాలు ఒక పక్క. మంచి కూర్పు. దీనికి మా జవాబు ఇలా అనుకున్నాం: నేను బల్లెంవాళ్ళనీ, ఈటెలవాళ్ళనీ చేస్తాను. అన్న ఏనుగులు చేస్తాడు, ముప్పై. రాయచూరు పద్ధతిలో నా వరస ముందు నిలబడి దెబ్బ తింటుంది, కొంచెం వెనక్కి తగ్గుతుంది. మేనల్లుడికి తొందరెక్కువ, గుర్రాలతో తరుముతాడు. అప్పుడు గుట్ట వెనక నానబెట్టిన ఏనుగులు పై నుంచి దిగుతాయి. ఎత్తు మీద నుంచి కొడితే దెబ్బ పావువంతు ఎక్కువ పడుతుంది ఈ ఆటలో.

అన్నీ అనుకున్నట్టే అయ్యాయి, ఒక్కటి తప్ప. మధ్యలో చోటు మార్చాల్సి వచ్చింది. మేనల్లుడు అనుకున్న దారిలో రాలేదు, అడవి పక్క నుంచి వచ్చాడు. నా వాళ్ళు అటు తిరిగారు. అన్న ఏనుగులు నా వెంట రావాలి, కాస్త దూరంగా, నా వరస వెనక. నేను అరిచాను: "అన్నా, వెనక రా! వెనక రా!"

అన్న ఏనుగుల్ని తిప్పి ఇంటి దారి పట్టించాడు.

నేను చూడలేదు. నా కళ్ళు గుర్రాల మీద ఉన్నాయి. నా బల్లెంవాళ్ళు గుర్రాల్ని బాగానే ఆపారు. అంతలో బాణాలు మొదలయ్యాయి. "వడ్డించు అన్నా, వడ్డించు!" అన్నాను. ఏనుగులు లేవు. సగం దారిలో ఉన్నాయి, మా ఊరి వైపు. అన్న వాటిని మళ్ళీ తిప్పాడు. ఏనుగు నెమ్మదిగా వస్తుందని చెప్పాను కదా. అవి గుంపుగా రాలేదు, తోక పట్టుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అవి చేరేసరికి నా వరస లేదు. ఒక్కో ఏనుగూ వచ్చి బాణాలకి ఎదురుగా పడిపోయింది. ఏడింటిని సన్యాసులు మార్చేసుకున్నారు. అన్న తన ఏనుగుల చేతే తన లాయం పగలగొట్టించుకున్నాడు. పక్కగదిలో మేనల్లుడి నవ్వు నాకు నోవైలో వినబడింది.

"నువ్వే కదా వెనక్కి రమ్మన్నావు!"

"వెనక్కి అనలేదు. వెనక అన్నాను."

"రెండిటికీ తేడా ఏంటి?"

నాకు చెప్పడం రాలేదు. తేడా ఉందని తెలుసు, ఏమిటో తెలీదు. గుడి బళ్ళో ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఇద్దరం అమ్మ మాటలు గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. "తలుపు వెనక చీపురు ఉంది" అనేది. "వెనక్కి తిరిగి చూడకుండా బడికి పో" అనేది. "గిన్నె ముందుకి జరుపు" అనేది. "ముందు చెయ్యి కడుక్కో" అనేది, అక్కడ ముందు అంటే చోటు కాదు, మొదట అని. "లోపల చలిగా ఉంది, లోపలికి రా" అనేది. అలా ఒక్కో మాటా తవ్వుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నాం. ఆట తెర మీద ఓడిపోయామని రాసి ఉంది, ఎవరూ మూయలేదు.

చివరికి రాజమండ్రి ఆవిణ్ణి అడిగాను. ఆవిడకి నవ్వొచ్చింది. "వెనక అంటే ఉండే చోటండి. వెనక్కి అంటే పోయే దిక్కు" అన్నారు. "మీరు 'నా వెనకే రా' అని ఉంటే సరిపోయేది." ఒక 'నా', ఒక 'ఏ'. ముప్పై ఏనుగులు. మీరు పుస్తకంలో దీర్ఘాలు, విభక్తులు చూసి ఇవన్నీ ఎందుకనుకుంటే నాకు ఉత్తరం రాయండి, మా ఏనుగుల లెక్క పంపుతాను.

తర్వాతి ఆదివారం బయట మంచు పడుతోంది. నేను ఆట తెరిచాను. అన్న అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. మళ్ళీ అదే రాజ్యాలు, మేనల్లుడు ఫ్రాంకులు, వాడి స్నేహితుడు బ్రిటన్లు. మొదటి ఇరవై నిమిషాలు మామూలుగానే గడిచాయి. అన్న ఊరి వైపు చూస్తే లాయం కనబడలేదు. లాయం లేకుండా యుద్ధపు ఏనుగులు రావు.

"అన్నా, లాయం ఏది?"

"ఇప్పుడొద్దులే. ఈటెలవాళ్ళని చేస్తున్నాను. నువ్వు బల్లెంవాళ్ళని చూసుకో."

నేను ఏమీ అనలేదు. అనకపోవడం ఈమధ్యే నేర్చుకుంటున్నాను.

దండు కదిలే వేళకి అన్న ఊరి నుంచి ఇంకో చిన్న గుంపు కదిలింది. ఎనిమిది మంది పల్లెజనం, చేతిలో కత్తి లేదు. ఈ ఆటలో అది ఒక మంచి ఎత్తే. పల్లెజనాన్ని దండుతో పాటు ముందుకి తీసుకెళ్తే వాళ్ళు శత్రువు ఊరి పక్కనే కోట కడతారు, విరిగిన యంత్రాలు బాగుచేస్తారు. అన్న ఎప్పుడూ వాడని ఎత్తు. పల్లెజనం పొలంలో ఉండాలి, యుద్ధానికి రాకూడదు అనేవాడు.

"వాళ్ళెవరు?" అన్నాను.

"నీళ్ళవాళ్ళు" అన్నాడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తెర మీద ఎనిమిది మంది నడుస్తున్నారు. తర్వాత అన్న, మామూలు గొంతుతో, ఆ ఓడ కాగితం ఇంకోసారి పంపమన్నాడు. ఫోన్ మార్చాక పోయిందట. ఊరి పేరులో మిగిలిన అక్షరాలు ఏమిటో చూడాలట. ఆట అయ్యాక పంపుతానన్నాను.

"సరే. ఇప్పుడు సరిగ్గా చెప్పు. వీళ్ళు వెనక రావాలా, వెనక్కి రావాలా?"

"నా వెనకే" అన్నాను.